గుండె దడ: స్వల్ప దడకు కారణాలు

గుండె కొట్టుకుంటున్న సంగతి మనిషికి పైకి తెలిసిరావడాన్ని గుండె దడ అంటారు. ఇది జబ్బు పేరు కాదు, లక్షణం. విశ్రాంతిగా ఉన్న పెద్దవారి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు, రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. వాటిలో దాదాపు ఏదీ మన దృష్టికి రాదు. వేగం పెరిగినప్పుడో, దెబ్బ బలంగా పడినప్పుడో, వరస తప్పినప్పుడో మాత్రం ఛాతీలోనో గొంతులోనో మెడ దగ్గరో తెలుస్తుంది. కొన్ని క్షణాల నుంచి కొన్ని నిమిషాల దాకా ఉండి, తనంతట తాను తగ్గిపోయే దడను, స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, ఆయాసం వంటివేవీ వెంట లేనిదాన్ని ఈ వ్యాసంలో స్వల్ప దడగా తీసుకున్నాం.

దడ ఎంత భయపెట్టింది అన్నదానికీ, దాని వెనకున్న కారణం ఎంత ప్రమాదకరం అన్నదానికీ చాలాసార్లు పొంతన ఉండదు. అర్ధరాత్రి ఉలిక్కిపడేలా లేపిన దడ ఏ హానీ లేనిదై ఉండొచ్చు. మెడ దగ్గర చిన్న రెపరెపగా తోచి మరిచిపోయినది పక్షవాతానికి దారితీసే లయదోషమై ఉండొచ్చు. అందుకే వైద్యులు మూడు విషయాలను గట్టిగా పట్టుకుంటారు: దడ ఎలా మొదలైంది, ఎలా ఆగింది, ఎలాంటి గుండెలో వచ్చింది. అంతకుముందు ఏ లోపమూ లేని గుండెలో వచ్చిన దడ వేరు. గుండెపోటు వచ్చి తగ్గిన గుండెలో, కవాటం చెడిన గుండెలో, కండరం బలహీనపడ్డ గుండెలో వచ్చిన దడ వేరు. పైకి రెండూ ఒకేలా అనిపించినా సరే.

లయ పుట్టే చోటు

కుడి కర్ణిక పైభాగంలో, పై మహాసిర వచ్చి కలిసే చోట సిరాకర్ణికా కణుపు ఉంటుంది. ప్రతి స్పందనకూ విద్యుత్ ప్రేరణ పుట్టేది అక్కడే. దీన్ని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు వర్ణించారు. అంతకు ఏడాది ముందే జపాన్‌కు చెందిన సునావో తవారా జర్మనీలో పనిచేస్తూ, ప్రేరణ పై గదులైన కర్ణికల నుంచి కింది గదులైన జఠరికలకు దాటే కర్ణికా జఠరికా కణుపును, అక్కణ్నుంచి కిందికి పాకే తంతువులను బయటపెట్టారు.

సిరాకర్ణికా కణుపు మీద రెండు రకాల నరాల పెత్తనం నడుస్తుంది. వేగస్ నాడి వేగాన్ని తగ్గిస్తుంది. సహానుభూత నాడులు, వాటితోపాటు అడ్రినలిన్, పెంచుతాయి. నరాల ప్రభావం ఏదీ లేకుండా వదిలేస్తే యువకుల గుండె నిమిషానికి 100 సార్లో, ఇంకొంచెం ఎక్కువో కొట్టుకుంటుంది. కూర్చున్నప్పుడు 70 దగ్గర ఉంటోందంటే వేగస్ దాన్ని పట్టి ఉంచినందువల్లే. పరుగు తీసినా, భయపడినా, జ్వరం వచ్చినా ఆ పట్టు సడలి వేగం పెరగడం గుండె సక్రమంగా పనిచేస్తున్నందుకు గుర్తు. జ్వరంలో ఒంటివేడి ఒక సెంటీగ్రేడ్ డిగ్రీ పెరిగితే నిమిషానికి సుమారు 10 స్పందనలు పెరుగుతాయి.

రాత్రిపూట దడ ఎక్కువగా ఉందని చెప్పేవారు చాలామంది. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నప్పుడు గుండె కొన ఛాతీ గోడకు దగ్గరగా వస్తుంది. ఇల్లంతా సద్దుమణిగి ఉంటుంది, మనసును మళ్లించే పని ఉండదు. పగలంతా ఉన్న స్పందనే అప్పుడు దిండుకు ఆనించిన చెవిలో వినిపిస్తుంది. కుడి పక్కకు తిరిగితే తగ్గిపోయే ఇలాంటి దడ గురించి దిగులు పడాల్సింది లేదు.

ముందుగా పడే దెబ్బ

స్వల్ప దడకు అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణాల్లో ఇదొకటి. ‘గుండె ఒక్క క్షణం ఆగి మళ్లీ కొట్టుకుంది’, ‘ఒక దెబ్బ తప్పిపోయింది’, ‘లోపల ఏదో పొర్లినట్టయింది’ అని చెబుతారు. నిజంగా జరిగేది ఇది: కణుపు నుంచి ప్రేరణ రాకముందే కర్ణికలోనో జఠరికలోనో మరోచోట ఉన్న కణాలు సొంతంగా ప్రేరణ పుట్టిస్తాయి. జఠరిక ఇంకా రక్తంతో నిండకముందే ముడుచుకుంటుంది కాబట్టి ఆ దెబ్బ బలహీనంగా పడుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే అది అందదు కూడా. తర్వాత కాస్త ఎక్కువసేపు ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో జఠరిక మామూలుకన్నా ఎక్కువగా నిండి, తర్వాతి దెబ్బను గట్టిగా కొడుతుంది. అంటే మనిషిని ఉలిక్కిపడేలా చేసేది దారితప్పిన దెబ్బ కాదు, దాని వెనక సవ్యంగా వచ్చిన దెబ్బ.

ఆస్పత్రుల్లో వీటిని ఎక్టోపిక్స్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 24 గంటలపాటు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష చేస్తే చాలామందిలో కొన్నయినా కనిపిస్తాయి. వయసుతోపాటు పెరుగుతాయి. నిద్ర చాలకపోవడం, మద్యం, పొగాకు, మానసిక ఒత్తిడి, వాంతులు విరేచనాలతో పొటాషియం తగ్గిపోవడం వీటిని ఎక్కువ చేస్తాయి. విశ్రాంతిలో వచ్చి, నడక మొదలుపెట్టగానే మాయమయ్యేవి సాధారణంగా నిరపాయకరం: కణుపు వేగం పెరిగేసరికి పక్క కణాలకు సందు దొరకదు. శ్రమ పెరిగేకొద్దీ ఎక్కువయ్యేవాటిని మాత్రం పరీక్షించి తీరాలి.

ఆరోగ్యవంతుల్లో ఇవి ఏం చేస్తాయన్న సందేహానికి 1985లో అమెరికాలో హెరాల్డ్ కెన్నెడీ బృందం జవాబు వెతికింది. గుండె జబ్బు లక్షణాలేవీ లేకుండానే జఠరికల నుంచి తరచుగా, గొలుసుగా ఎక్టోపిక్స్ వస్తున్న 73 మందిని సగటున ఆరున్నరేళ్లు గమనించారు. వారిలో మరణాలు సాధారణ జనాభాలో కన్నా ఎక్కువ లేవు.

తర్వాత కొద్ది సంవత్సరాలకే వచ్చిన మరో ఫలితం గుండె వైద్యుల ఆలోచననే మార్చేసింది. గుండెపోటు వచ్చి కోలుకున్నవారిలో ఎక్టోపిక్స్ ఎక్కువగా ఉంటే హఠాన్మరణం ముప్పు ఎక్కువని అప్పటికే తెలుసు. కాబట్టి మందుతో వాటిని అణిచేస్తే ప్రాణాలు నిలుస్తాయని అందరూ అనుకున్నారు, మాత్రలు రాశారు. ఆ నమ్మకాన్ని కాస్ట్ అనే ప్రయోగంలో పరీక్షించారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మాత్రలు ఎక్టోపిక్స్‌ను చక్కగా తగ్గించాయి. కానీ మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోతే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో చనిపోయినవారు 26 మంది. 1989లో ఆ మందులను మధ్యలోనే ఆపేశారు, పూర్తి వివరాలు 1991లో వెలువడ్డాయి. ఈసీజీ కాగితం మీద గీత అందంగా కనిపించినంత మాత్రాన రోగికి మేలు జరిగినట్టు కాదన్న పాఠం అంత ఖరీదుకు దొరికింది. ‘దడ పోయే మాత్ర ఏదైనా రాయండి’ అని పట్టుపట్టే రోగికీ, వెంటనే రాసిచ్చే వైద్యుడికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఎక్టోపిక్స్ సంఖ్యకు అసలు అర్థమే లేదని కాదు. రోజంతటి స్పందనల్లో జఠరికల నుంచి వచ్చేవి పదో వంతు దాటితే, అంటే లక్షలో పదివేలు మించితే, కొన్నేళ్లకు గుండె కండరం నీరసించే అవకాశం ఉంది. అలాంటప్పుడు ఎకో పరీక్ష చేయించి, ఏటా గమనిస్తూ ఉండాలి.

గుండెది తప్పు కాని దడ

రెండో పెద్ద కోవలో లయ సవ్యంగానే ఉంటుంది, వేగం మాత్రమే పెరుగుతుంది. మెల్లగా మొదలై మెల్లగా తగ్గడం దీని గుర్తు. ఇక్కడ గుండె శరీరంలోని మరో లోటును పూడ్చడానికి పాటుపడుతోందని అర్థం. కారణాన్ని వెతకకుండా వేగం తగ్గించే మాత్ర ఇస్తే లోటు లోటుగానే ఉండిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కోవలో మొదట తలచుకోవాల్సింది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇద్దరిలో ఒకరికి మించి. హిమోగ్లోబిన్ తగ్గితే ప్రతి దెబ్బతో కణాలకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని గుండె దెబ్బల సంఖ్యను పెంచి భర్తీ చేస్తుంది. మేడ మెట్లెక్కితే, నీళ్ల బిందె ఎత్తితే, పొలంలో వంగి నాటు వేస్తే దడ వస్తుంది. ఇది నెలలు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వచ్చే మార్పు కాబట్టి శరీరం అలవాటు పడిపోతుంది. ఆ ఇల్లాలు ‘నీరసం’ అంటుంది, ఇంట్లోవాళ్లు ‘సరిగా తినదు’ అంటారు, అక్కడితో ఆగిపోతుంది. హిమోగ్లోబిన్ మహిళల్లో డెసిలీటరుకు 12 గ్రాములకన్నా, గర్భిణుల్లో 11 కన్నా, పురుషుల్లో 13 కన్నా తక్కువుంటే రక్తహీనతగా లెక్కిస్తారు. దడ అని వచ్చిన మహిళకు మొదట రాయాల్సిన పరీక్షల్లో ఈ చవక పరీక్ష ఉండి తీరాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువా అని అడగాలి. మగవారిలో, వయసు మళ్లినవారిలో రక్తహీనత బయటపడితే మొలలు, కడుపులో పుండు, పేగు క్యాన్సర్ వంటి రక్తం పోయే దారుల కోసం చూడాలి.

అన్నం తిన్న వెంటనే కాఫీయో టీయో తాగే అలవాటు ఇక్కడ చేటు. వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత వీటిని మానమని చెప్పింది. అంగన్‌వాడీల్లోనూ ఆరోగ్య ఉపకేంద్రాల్లోనూ ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఇనుముతోపాటు ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మాత్రలు వేసుకుంటే మలం నల్లగా రావడం మామూలే. దానికి భయపడి మానేసేవారు ఎందరో. మానొద్దని చెప్పాల్సిన బాధ్యత మాత్రలు చేతిలో పెట్టేవారిది.

థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే దడ నిద్రలో కూడా తగ్గదు. ఆకలి బాగానే ఉండి బరువు తగ్గడం, ఉక్క భరించలేకపోవడం, చేతుల వణుకు తోడుంటాయి. చేతులు ముందుకు చాపించి, వేళ్ల మీద పల్చటి కాగితం పరిస్తే ఆ సన్నని వణుకు కాగితం అంచున కనిపిస్తుంది. వయసు మళ్లినవారిలో ఇవేవీ లేకుండా లయ తప్పిన దడ ఒక్కటే కనిపించవచ్చు. థైరాయిడ్ తక్కువైనవారు వేసుకునే థైరాక్సిన్ మోతాదు ఎక్కువైనా ఇదే పరిస్థితి వస్తుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారికి ఒక హెచ్చరిక: ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రకాల పరీక్షల్లో థైరాయిడ్ ఎక్కువగా లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది. రక్తం ఇచ్చేముందు ఆ సంగతి చెప్పాలి.

గర్భిణుల్లో రక్త పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, గుండె వేగం నిమిషానికి 10 నుంచి 20 దాకా పెరుగుతుంది. కొంత దడ సహజం. నెలసరి ఆగే వయసులో ఒంట్లోంచి ఆవిర్లు వచ్చినప్పుడు దడ కూడా వస్తుంది. ఎండాకాలంలో చెమటగా నీరూ ఉప్పూ పోయినప్పుడు, విరేచనాలప్పుడు వచ్చే దడకు ఓఆర్‌ఎస్ నీళ్లు, మజ్జిగ మంచి మందు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి మామూలువారికి మేలు చేస్తాయి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి కీడు చేస్తాయి. కూర్చున్నచోటి నుంచి లేవగానే దడ వచ్చేవారిలో, ముఖ్యంగా కోవిడ్ వంటి జబ్బు తర్వాత, పడుకున్నప్పటి నాడిని, నిలబడ్డాక పది నిమిషాల్లోపు నాడిని పోల్చి చూస్తారు. రక్తపోటు పెద్దగా పడిపోకుండానే నాడి 30 దాటి పెరుగుతూ, ఆ ఇబ్బంది నెలల తరబడి ఉంటే దానికి వేరే చికిత్స ఉంది.

మధుమేహం ఉన్నవారిలో దడ చక్కెర పడిపోయిందని చెప్పే తొలి కబురు కావచ్చు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడుతూ భోజనం ఆలస్యం చేసినప్పుడు చెమట, వణుకు, దడ కలిసి వస్తాయి. గ్లూకోమీటర్‌లో 70 కన్నా తక్కువుంటే వెంటనే చక్కెర కలిపిన నీళ్లు తాగాలి. వీరిలో బీపీ కోసం గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు కూడా వాడేవారికి దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. దాన్నే గుర్తుగా పెట్టుకోవాలి.

కాఫీ, మద్యం, మందుల డబ్బా

దడ అనగానే చాలామంది చెప్పే సలహా కాఫీ మానేయమని. ఆధారాలు అంత సూటిగా లేవు. 2023లో వెలువడిన ఒక అమెరికన్ ప్రయోగంలో 100 మందికి ఈసీజీ పట్టీ అంటించి, రెండు వారాలపాటు కొన్ని రోజులు కాఫీ తాగమని, కొన్ని రోజులు మానమని చీటీల పద్ధతిలో చెప్పారు. కర్ణికల్లో పుట్టే ఎక్టోపిక్స్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జఠరికల నుంచి వచ్చేవి కాఫీ రోజుల్లో సగటున 154, కాఫీ లేని రోజుల్లో 102. కాఫీ రోజుల్లో ఎక్కువ నడిచారు, తక్కువ నిద్రపోయారు. కాబట్టి కాఫీ తాగిన ప్రతిసారీ దడ వస్తోందని తనకే అనుభవమైన మనిషి తగ్గించుకోవడం సబబు. కాఫీతో ఏ ఇబ్బందీ లేనివారిచేత పొద్దున్నే కప్పు కాఫీ మాన్పించడానికి గట్టి కారణం లేదు. పోషకాహార సంస్థ లెక్కన 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు 300 దాటొద్దని దాని సలహా. పరీక్షల ముందు రాత్రుళ్లు మేలుకోవడానికి పిల్లలు తాగే ఎనర్జీ డ్రింకుల సంగతి వేరు: నిద్రలేమి, ఒత్తిడి, కెఫీన్ మూడూ అక్కడ ఒకేసారి కలుస్తాయి.

మద్యం విషయంలో ఇలాంటి మినహాయింపు లేదు. సెలవు రోజుల్లో మితిమీరి తాగినవారు లయ తప్పిన గుండెతో ఆస్పత్రికి రావడాన్ని 1978లో ఫిలిప్ ఎటింగర్ బృందం వర్ణించి, దానికి ‘హాలిడే హార్ట్’ అని పేరుపెట్టింది. సిగరెట్, బీడీ, ఖైనీ, గుట్కా ఏ రూపంలో అయినా నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది.

మందుల డబ్బా తెరిచి చూస్తే చాలాసార్లు దడకు కారణం అందులోనే దొరుకుతుంది. ఆస్తమాకు పీల్చే సాల్‌బ్యుటమాల్, ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్, ముక్కు దిబ్బడ తగ్గించే జలుబు మాత్రలు, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ దడ తెప్పించగలవు. నీళ్ల మాత్రలు పొటాషియాన్ని తగ్గిస్తాయి. చాలాకాలం వాడిన ప్రొప్రనలాల్, మెటొప్రొలాల్ మాత్రలను సలహా లేకుండా ఒక్కసారిగా ఆపేస్తే గుండె ఎదురుతిరిగి వేగం అందుకుంటుంది. ఎజిత్రోమైసిన్, డోంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ కొందరిలో గుండె విద్యుత్ చక్రాన్ని సాగదీస్తాయి. రెండు మూడు కలిపి వాడినప్పుడు ఆ ముప్పు పెరుగుతుంది. మూలికలకూ ఈ లెక్క వర్తిస్తుంది. దగ్గుకు వాడే అతిమధురం నెలల తరబడి ఎక్కువ మోతాదులో తీసుకుంటే పొటాషియం పడిపోతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి, పక్కింటివారు ఇచ్చినవి కూడా వైద్యుడికి చెప్పాలి.

ఆందోళన, దాని పేరుమీద జరిగే పొరపాటు

అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన వైద్యుడు జేకబ్ డా కోస్టా 1871లో ఒక వ్యాసం రాశారు. దడ, ఛాతీ నొప్పి, ఆయాసం అంటూ వచ్చిన సైనికుల గుండెల్లో ఏ లోపమూ కనిపించని తీరును అందులో వివరించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే లక్షణాలతో వేలమంది వెనక్కి వచ్చారు. బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ వారిని పరిశీలించి, గుండె జబ్బు లేదని చెప్పి, క్రమంగా వ్యాయామం చేయించారు. ఈ రోజుల్లో ఆందోళన రుగ్మత, పానిక్ అటాక్ అంటున్నవాటి పోలికలు ఆ వర్ణనల్లో కనిపిస్తాయి. పానిక్ అటాక్ సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరుతుంది. దడతోపాటు ఊపిరాడనట్టు, చేతులు తిమ్మిరెక్కినట్టు, చనిపోతున్నట్టు అనిపిస్తుంది. అది నటన కాదు, అడ్రినలిన్ నిజంగానే ఒంట్లో పారుతుంటుంది. దానికి మందులూ, మాటలతో చేసే చికిత్సా రెండూ పనిచేస్తాయి.

అయితే ‘టెన్షన్ పడకమ్మా, ఏమీ లేదు’ అని పంపేయడం ఎంత తేలికో అంత ప్రమాదం. 1997లో వచ్చిన ఒక అధ్యయనం గుండెలో అదనపు విద్యుత్ మార్గం వల్ల దడ వస్తున్నట్టు నిర్ధారణ అయిన 107 మంది పాత వివరాలను తిరగేసింది. వారిలో 67 శాతం మంది లక్షణాలు పానిక్ రుగ్మత నిర్వచనానికి సరిపోయాయి. సగానికి పైగా మందిలో మొదటిసారి చూసినప్పుడు అసలు జబ్బు దొరకలేదు. అలా తప్పిపోయినవారిలో ఒత్తిడి, ఆందోళన అని ముద్ర పడినవారు ఆడవాళ్లలో 65 శాతం, మగవాళ్లలో 32 శాతం. మన ఆస్పత్రుల్లో ఈ తేడా ఉండదని నమ్మడానికి కారణమేమీ కనిపించదు. దడ వచ్చాక భయం కలిగిందా, భయం కలిగాక దడ వచ్చిందా అని ఓపిగ్గా అడిగితే చాలాసార్లు దారి తెలుస్తుంది.

ఆందోళనకు పోటీగా మన ఇళ్లలో వినిపించే మరో మాట ‘గ్యాస్’. కడుపు నిండా తిన్నాక దడ పెరగడం నిజమే. కానీ మధుమేహం ఉన్నవారిలో, వయసు పైబడినవారిలో గుండెపోటు కూడా నొప్పి లేకుండా, కడుపుబ్బరంగా, చెమటగా రావచ్చు. సోడా తాగి తేన్పు కోసం ఎదురుచూడటం అప్పుడు పనికిరాదు.

ఒక్కసారిగా మొదలయ్యే దడ

స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ ఆపినట్టు ఆగిపోయే దడ ఒకటుంది. వేగం నిమిషానికి 150 నుంచి 220 దాకా పోతుంది, లయ మాత్రం క్రమంగానే ఉంటుంది. వైద్యులు దీన్ని ఎస్‌వీటీ అంటారు. కర్ణికా జఠరికా కణుపు దగ్గర పుట్టుకతోనే రెండు దారులున్నవారిలో ప్రేరణ ఒక దారిన దిగి మరో దారిన ఎక్కుతూ గుండ్రంగా తిరగడం దీనికి ముఖ్య కారణం. కర్ణికలు, జఠరికలు దాదాపు ఒకేసారి ముడుచుకుంటాయి కాబట్టి రక్తం వెనక్కి, మెడ సిరల్లోకి తన్నుకొస్తుంది. గొంతు దగ్గర టపటపా కొట్టుకుంటోందని చేయి మెడ మీద పెట్టి చూపిస్తారు. తగ్గాక మూత్రం ఎక్కువగా వస్తుంది: సాగిన కర్ణికలు విడుదల చేసే హార్మోను కిడ్నీల చేత ఉప్పునూ నీటినీ బయటికి పంపిస్తుంది. ఈ రెండు సంగతులూ రోగి తనంతట తాను చెప్పడు, అడిగితేనే చెబుతాడు. కొందరిలో కణుపును తప్పించుకుపోయే అదనపు దారి ఉంటుంది. 1930లో లూయిస్ వుల్ఫ్, జాన్ పార్కిన్‌సన్, పాల్ వైట్ వర్ణించిన ఈ లోపం మామూలు ఈసీజీలో కూడా తరచుగా కనిపిస్తుంది. అలా కనిపిస్తే నిపుణుడి దగ్గరికి వెళ్లాలి.

ఏ వరసా లేకుండా అడ్డదిడ్డంగా కొట్టుకునే దడకు ముఖ్య కారణం ఏట్రియల్ ఫిబ్రిలేషన్. కర్ణికలు ముడుచుకోకుండా వణుకుతుంటాయి, వాటిలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. వయసు, బీపీ, మధుమేహం, థైరాయిడ్ దీనికి దారితీస్తాయి. మన దేశంలో ఇంకో కారణం కూడా ఉంది: చిన్నతనంలో గొంతునొప్పి తర్వాత కీళ్ల వాపులతో వచ్చే రుమాటిక్ జ్వరం. ఆ జ్వరం తగ్గిపోయాక కూడా మైట్రల్ కవాటం కొన్నేళ్లపాటు కుంచించుకుపోతూనే ఉంటుంది. ముప్పై ఏళ్లకే, ఒక్కోసారి మొదటి కాన్పులో, దడగా ఆయాసంగా బయటపడుతుంది. చిన్నప్పుడు నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించుకుని మధ్యలో ఆపేసినవారు ఆ సంగతిని వైద్యుడికి తప్పక చెప్పాలి.

కారణం పట్టుకునే తీరు

అనుభవమున్న వైద్యుడు రోగి ఎదుట చేయి చాపి, ‘మీ దడ ఎలా ఉంటుందో ఈ బల్ల మీద వేలితో కొట్టి చూపించండి’ అంటాడు. టక్, టక్, కాస్త ఖాళీ, ఆపైన గట్టిగా ఒక దెబ్బ అయితే ఎక్టోపిక్. ఆపకుండా ఒకే వేగంతో గబగబా కొడితే ఎస్‌వీటీ అనుమానం. వేలు ఏ లెక్కకూ అందకుండా పడితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. ఇంట్లో చేయదగ్గ పని నాడి చూసుకోవడం: బొటనవేలి మొదలు దగ్గర, మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, దడ ఉన్నప్పుడే నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టి, సమయంతో సహా రాసిపెట్టుకోవాలి.

డచ్ శాస్త్రవేత్త విల్లెమ్ ఐంథోవెన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తయారుచేసిన ఈసీజీ యంత్రం ఒక గదిని ఆక్రమించేది. రోగి చేతులు, కాలు ఉప్పునీటి పాత్రల్లో పెట్టి కూర్చునేవాడు. దానికి 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. దడ తగ్గిపోయాక తీసిన ఈసీజీ మామూలుగా ఉండటంతో ‘రిపోర్టు నార్మల్’ అని ఊరుకోవడం తగదు. గుండెలో ఆ క్షణాన ఉన్నదాన్నే అది చూపిస్తుంది. ఈ ఇబ్బందిని దాటాలని అమెరికన్ శాస్త్రవేత్త నార్మన్ హోల్టర్ మొదట దాదాపు 38 కిలోల పరికరాన్ని వీపున మోయించి గుండె సంకేతాలను పట్టారు. 1961 నాటికి అది చేతిలో ఇమిడే పరికరమైంది. ఇప్పుడు చొక్కా లోపల పెట్టుకుని ఆఫీసుకు వెళ్లి రావచ్చు. రోజూ వచ్చే దడకు 24 గంటల హోల్టర్ చాలు. నెలకోసారి వచ్చేదానికి వారాల తరబడి ఉంచుకునే పరికరం కావాలి, లేకుంటే దడ వచ్చిన క్షణంలో దగ్గర్లోని ఆస్పత్రికి పరుగెత్తి ఈసీజీ తీయించుకోవాలి. ఈసీజీతోపాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, చక్కెర, పొటాషియం పరీక్షలు సాధారణంగా సరిపోతాయి. అవసరమనిపిస్తే ఎకో చేస్తారు.

స్మార్ట్ వాచీలు లయ తప్పిన సంగతిని పసిగట్టగలవు. నాలుగు లక్షల మందికి పైగా పాల్గొని, 2019లో ఫలితాలు వెలువడిన యాపిల్ హార్ట్ అధ్యయనంలో అలాంటి హెచ్చరిక వచ్చినవారు 0.52 శాతం. కొన్ని వాచీలు తీసే ఈసీజీ ఫొటో వైద్యుడికి నిజంగా ఉపయోగపడుతుంది. కానీ పూటకు పదిసార్లు వాచీ చూసుకునేవారికి ఆ చూసుకోవడమే దడ తెప్పిస్తుంది.

ఇన్ని వెతికినా కొందరిలో కారణం దొరకదు. 1996లో వెలువడిన, పిట్స్‌బర్గ్‌లోని ఒక విశ్వవిద్యాలయ ఆస్పత్రికి దడతో వచ్చిన 190 మందిని గమనించిన అధ్యయనంలో 43 శాతానికి గుండె సంబంధమైన కారణం, 31 శాతానికి మానసిక కారణం తేలాయి. మందులు, థైరాయిడ్, రక్తహీనత వంటివి 10 శాతం. 16 శాతం మందిలో ఏదీ తేలలేదు. ఏడాది తిరిగేసరికి చనిపోయినవారు 1.6 శాతం మాత్రమే. గుండె కారణాన్ని సూచించిన అంశాలు నాలుగు: మగవారు కావడం, లయ తప్పినట్టు చెప్పడం, ముందే గుండె జబ్బు ఉండటం, దడ ఐదు నిమిషాలు దాటడం.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

దడతోపాటు స్పృహ తప్పినా, ఛాతీలో బరువుగా పట్టేసినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయాలి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకూడదు. ఆటలోనో పరుగులోనో ఉండగా దడ వచ్చి కుప్పకూలినవారిని, కాసేపటికి లేచి కూర్చున్నా సరే, అదే రోజు చూపించాలి. ఇంట్లో ఎవరైనా నలభై ఏళ్లలోపు ఉన్నట్టుండి చనిపోయి ఉంటే, ఆ ఇంట్లో వచ్చిన దడను స్వల్పమని తోసేయకూడదు. గుండె కండరం మందమయ్యే జబ్బు, విద్యుత్ లోపాలు కొన్ని వంశపారంపర్యంగా వస్తాయి.

చికిత్స

రక్తహీనతకు ఇనుము, థైరాయిడ్‌కు తగిన మందు, చెడు చేస్తున్న మాత్రకు మార్పు: కారణం దొరికితే చికిత్స కారణానికే. ఆరోగ్యమైన గుండెలో వచ్చే ఎక్టోపిక్స్‌కు చాలామందిలో అవి ఏమిటో విడమరిచి చెప్పడం, కంటినిండా నిద్ర సరిపోతాయి. మరీ ఇబ్బంది పెడితే కొద్ది మోతాదులో బీటా బ్లాకర్ ఇస్తారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో రక్తం గడ్డకట్టకుండా మందు ఎవరికి అవసరమో వయసు, ఇతర జబ్బుల లెక్కను బట్టి తేలుస్తారు. దడ తగ్గిందని ఆ మందు మానేయకూడదు.

ఎస్‌వీటీని ఆపడానికి ఒక చిట్కా ప్రయోగంలో నెగ్గింది. సగం వాలి కూర్చుని, 10 మిల్లీలీటర్ల సిరంజీ గొట్టంలోకి లోపలి కాడ కాస్త కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదాలి. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, మరొకరు కాళ్లను 45 డిగ్రీల ఎత్తుకు లేపి 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో ఫలితాలు వెలువడిన, బ్రిటన్‌లో 428 మందిపై చేసిన రివర్ట్ ప్రయోగంలో ఇలా చేసినవారిలో 43 శాతం మందికి లయ కుదుటపడింది. కాళ్లు ఎత్తకుండా కూర్చునే ఊదినవారిలో కుదుటపడింది 17 శాతం. దీన్ని మొదటిసారి వైద్యుడి ఎదుటే నేర్చుకోవాలి. మెడ పక్కన నాడిని నొక్కే పాత పద్ధతిని పెద్దవయసువారి మీద ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు. ఆస్పత్రిలో ఎడినోసిన్ ఇంజెక్షన్ క్షణాల్లో పనిచేస్తుంది. ఆ కొద్ది క్షణాలు ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుందని రోగికి ముందే చెప్పడం మర్యాద.

పదేపదే వచ్చేవారికి అబ్లేషన్ ఉంది. తొడ దగ్గర సిర ద్వారా సన్నని తీగను గుండెలోకి పంపి, ప్రేరణ గుండ్రంగా తిరిగే ఆ కొద్దిచోటును వేడితో మాడుస్తారు. కణుపు దగ్గరి రెండు దారుల ఎస్‌వీటీలో ఇది 100 మందిలో 95 మందికి పైగా పనిచేస్తుంది. వందలో ఒకరికో అంతకన్నా తక్కువమందికో కణుపు దెబ్బతిని పేస్‌మేకర్ అవసరం పడవచ్చు కాబట్టి, ఆ సంగతి విని ఒప్పుకున్నాకే చేయించుకోవాలి. చాలామంది మర్నాడే ఇంటికి వెళతారు, ఆ దడ కోసం వాడిన మాత్రలతో ఆ తర్వాత పనిపడదు.